పిట్ట ముట్టేదాకా

పిట్ట రావడం లేదు. విస్తరి పరిచి చాలాసేపైంది, తెల్లటి బువ్వలోకి కూర పులుసు ఇంకి ఎర్రబడుతోంది, పక్కన కల్లు సీసా, విప్పిన బీడీ కట్ట, పోయిన మా ఆయనకు ఇష్టమని ఎవరో తెచ్చి పెట్టిన మక్క గుడాలు, అన్నీ ఉన్నాయి, ముట్టాల్సిన కాకి ఒక్కటే లేదు. మామూలు రోజుల్లో సద్ది మూట విప్పితే చాలు, చేతిలోంచి గుంజుకుపోయే కాకులు ఇవాళ ఏ ఊరికి వలసపోయాయో. జనమంతా మా బాయి కాడ నిలబడి ఆకాశం వైపు చూస్తున్నారు. నేనొక్కదాన్నే నా చేతుల వైపు చూసుకుంటున్నాను. పొద్దున ఈ బాయి గడ్డ మీదే నా గాజులు పగలగొట్టారు. ఆడదాని గాజులు తీయొద్దని, బొట్టు చెరపొద్దని మా ఆయన పరశురాం ఎన్ని ఊళ్లలో మీటింగులు పెట్టి చెప్పాడో లెక్కలేదు, తీరా నా వంతు వచ్చేసరికి అడ్డం పడడానికి ఆయనే లేడు. ఆ మీటింగుల్లో చప్పట్లు కొట్టినవాళ్లు మాత్రం ఉన్నారు, వాళ్లలోనే ఒకామె నా చెయ్యి పట్టుకుని రాయి మీద కొట్టింది. మణికట్టు దగ్గర గీసుకున్న చోట ఇంకా మండుతోంది.

పిట్ట ముట్టకపోతే పోయినవాడికి మనసులో ఏదో మిగిలిపోయిందని మా దగ్గర అంటారు. అందుకని ఒక్కొక్కరే విస్తరి ముందుకొచ్చి, ఆ మిగిలిందేదో ఊహించి, మేం చూసుకుంటాం పో అని మాటిస్తారు. సరైన మాట పడగానే కాకి వాలుతుందట. ముందు నా బిడ్డ రమ వచ్చింది, అమ్మను జడ్చర్లకు తీసుకుపోతా నాయినా, ఫికర్ చెయ్యకు అంది. మందుల కంపెనీలో నిలబడి నిలబడి కాళ్లు వాచే పిల్ల, మొగుడూ పిల్లలతో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉంటుంది, అందులో నన్నెక్కడ పెడుతుందో, గూట్లో పెడుతుందా. అయినా అంది, ఏడ్చింది. కాకి రాలేదు. తర్వాత పార్టీ మండల కార్యదర్శి జంగయ్య వచ్చి ఎర్ర కండువా సర్దుకుని, కామ్రేడ్ పరశురాం ఆశయాలను ముందుకు తీసుకుపోతాం అన్నాడు, కాకి ముందు కూడా మైకు ముందు మాట్లాడినట్టే. రాలేదు. తర్వాత దివాకర్. మా మరిది కొడుకు, మాకు మగపిల్లలు లేరని తలకొరివి పెట్టినవాడు. గుండు మీద ఎండ మెరుస్తుంటే మోకాళ్ల మీద కూర్చుని, పెదనాయినా నీ పేరు మీద బస్టాండు కాడ చలివేంద్రం పెట్టిస్త అన్నాడు. అప్పుడూ రాలేదు.

నాకు ఈ కాకుల మీద నమ్మకం ఉందా అంటే ఏం చెప్పను, ఆయనతో ఇన్నేళ్లు కాపురం చేశాక సగం పోయింది, సగం చీర కొంగుకు అంటుకుని ఉండిపోయింది. కానీ ఆయన కోరిక మాత్రం నాకు తెలుసు. దివాకర్‌కూ తెలుసు. జంగయ్యకూ తెలుసు. తెలిసి కూడా అందరూ దాని చుట్టూ తిరుగుతూ లేని కోరికలు వెతుకుతున్నారు. దవాఖానలో ఊపిరి అందక రెండు మాటలకోసారి ఆగుతూ, నాకు తంతులేం చెయ్యొద్దు అన్నాడు, మళ్లీ నా ముఖం చూసి, సరే నువ్వొక్కదానివి ఎంతమందిని ఆపుతావు, చేస్తే చెయ్యనీ అన్నాడు. అప్పుడు మంచం పట్టి పట్టుకుని కొంచెం లేచాడు. "యాటను మాత్రం బాబామియానే కొయ్యాలె. ఊరంత ఒక్క బంతిల కూసోని తినాలె. గదొక్కటి చూడు, బిక్షమ్మా." జీవితమంతా దేశం మారాలని కొట్లాడిన మనిషి చివరికి అడిగింది ఒక యాట, ఒక బంతి భోజనం. సరే అన్నాను. సరే అనడానికి నాదేం పోయింది, పక్కన దివాకర్ కూడా బత్తాయి రసం గ్లాసు పట్టుకుని నిలబడి తల ఊపాడు.

బాబామియా అంటే మా ఊళ్లో ఎవరింట్లో దావత్ అయినా యాటను కోసే మనిషి. ఆయన తండ్రి కోశాడు, తాత కోశాడు. ఎల్లమ్మకైనా, బీరప్పకైనా, పెళ్లికైనా, చావుకైనా, ఆయన వచ్చి బిస్మిల్లా అని కత్తి పెడితేనే అది కూర, లేదంటే చచ్చినదాన్ని తిన్నట్టే అనేది మా అత్త. ఒకసారి బాబామియా తండ్రికి జ్వరమని తొందరపడి ఎవరో కోసేస్తే, పండుగ పూట ఆ కూర ముట్టకుండా పచ్చిపులుసు పోసుకుని తిని పడుకుంది ముసల్ది. నుదుట రూపాయంత బొట్టు, మెడలో ఎల్లమ్మ బిళ్ల, ఆమెకంటే పెద్ద భక్తురాలు చుట్టుపక్కల లేదు. ఇవాళ బతికొస్తే ఆమెకు కూడా ఈ పిల్లలు ధర్మం నేర్పేవాళ్లేమో. పెద్దోడి తర్వాత పిల్లలు బతకడం లేదని పీర్లకు మొక్కుకుని చిన్న కొడుకును కన్నది, హుసేనయ్య అని పేరు పెట్టుకుంది. ఆ హుసేనయ్య కొడుకే దివాకర్. పండుగ పండుగకూ ఊరి మొదట్లో కట్టే ఫ్లెక్సీల మీద వాడి బొమ్మ ఉంటుంది, పేరు ఉంటుంది, పదవి ఉంటుంది, తండ్రి పేరు మాత్రం ఉండదు.

పొద్దున నన్ను స్నానానికి తీసుకొస్తున్నప్పుడు యాట ఇంటి ముందు గుంజకు కట్టేసి ఉంది, ఆకు మేస్తోంది. బాబామియా గేటు దగ్గర చెప్పులు విప్పుతున్నాడు, కత్తిని ఎప్పటిలాగే పాత లుంగీ ముక్కలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నన్ను చూసి తల వంచాడు, నేనూ వంచాను, అంతకంటే ఏం మాట్లాడుకుంటాం. తల తడుపుకుని తిరిగొచ్చేసరికి యాట చర్మం ఒలిచి దూలానికి వేలాడుతోంది, బాబామియా లేడు. తిరుమలగిరి నుంచి ఎవరినో కారులో తెచ్చారట, ఒక్క వేటుకు తల తెగిందట, కాషాయం కండువాల పిల్లలు ఫోన్లలో తీసుకున్నారట. మరి బాబామియాకు ఏం చెప్పారే అని రమను అడిగితే నేల చూస్తూ చెప్పింది. "తాతా, ఇయ్యాల నీకు పనిలేదు, పో" అన్నారట. విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుని వెళ్లిపోయాడట. చెప్పులు విప్పేదాకా ఆగి మరీ చెప్పారు చూడు.

దివాకర్‌ను పిలిచి నిలదీశాను. వాడు కోపం చేసుకుంటే బాగుండేది, నాకూ నోరు లేచేది. వాడు నా పక్కన నేల మీద కూర్చున్నాడు, నా కాలి మీద చెయ్యి వేశాడు. "పెద్దమ్మా, పెదనాయిన దేవున్ని నమ్మకపోవచ్చు, గని మనోడు. మనోని చావు మన పద్ధతిల్నే ఉండాలె. నువ్వు పరేషాన్ గాకు, నాకొదిలెయ్." చాయ్ కూడా వాడే తెచ్చి ఇచ్చాడు, చక్కెర తక్కువేసి, నాకు షుగరని గుర్తుపెట్టుకుని. దవాఖానలో రక్తం ఇచ్చింది వాడే, పెదనాయిన మూతి తుడిచింది వాడే, పాడె మోస్తూ పడిపోబోయి మళ్లీ లేచింది వాడే. వాడిని రాక్షసుడని అనుకోగలిగితే నా పని ఎంత తేలికయ్యేది. చేతుల్లో పెరిగినవాడు, నేను కలిపి పెట్టిన ముద్ద తిన్నవాడు, నా కళ్ల ముందే నా మొగుడి చివరి మాటను ప్రేమగా, చాయ్ తాగించి మరీ, పూడ్చి పెట్టాడు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, అయినా చించుకుంటాను, ఇందులో పరశురాం పాపం లేదా? ఉంది. మోటర్లకు చుట్టలు చుట్టే దుకాణం ఆయనది, కాలిపోయిన బోరు మోటరుతో వచ్చిన ప్రతి రైతుకూ రాగి తీగతో పాటు రాజకీయం కూడా చుట్టి పంపేవాడు. దివాకర్ అక్కడే పని నేర్చుకున్నాడు. ఒకరోజు వాడు మాల వేసుకుని, కాషాయం కండువా వేసుకుని దుకాణానికి వచ్చాడు. ఏదో మాటలో మాట, వాడు ఫోన్లో చూసిందేదో చెప్పాడు, వాళ్ల జనాభా పెరిగిపోతోందని, మనం మైనారిటీ అయిపోతామని. ఈయన పేపర్లు తీశాడు, లెక్కలు చెప్పాడు, యూరియా ధరెంత, మీ సర్కారు ఇస్తానన్న ఉద్యోగాలెక్కడ, నీకొచ్చిందా ఒకటైనా అని పదిమంది ముందు పరీక్ష పెట్టాడు. చివరికి, నీ బుర్రలో చుట్ట కాలిపోయిందిరా, మళ్లీ చుట్టాలె అన్నాడు. దుకాణంలో అందరూ నవ్వారు. అన్నీ నిజాలే చెప్పాడు, నేను కాదనను. కానీ వాడి ముఖం చూసింది నేనొక్కదాన్నే. మర్నాటి నుంచి వాడు దుకాణానికి రాలేదు. పిలువు, ఎంతైనా పిల్లగాడు అన్నాను. తెలుసుకుని వాడే వస్తాడులే అన్నాడు ఈయన. వాడు రాలేదు, అవతలివాళ్లు వచ్చారు. పుట్టినరోజుకు కేకు తెచ్చారు, భుజం మీద చెయ్యి వేశారు, మండల బాధ్యత అని ఏదో పేరు పెట్టి ఒక కుర్చీ వేశారు. మా ఇంట్లో ఇన్ని నిజాలున్నాయి, వాడికి ఒక్క కుర్చీ లేకపోయింది. ఆయన వాదనలో ఎప్పుడూ గెలిచేవాడు, గెలిచి ఇంటికొచ్చి అన్నం తినేవాడు, ఒక్కో గెలుపుకూ ఒక్కో మనిషి తగ్గిపోతున్నాడని నేను అంటే నీకు రాజకీయం తెలియదు అనేవాడు.

ఇక జంగయ్య. యాట సంగతి తెలియగానే ముందు ఆయన దగ్గరికే పోయాను, పార్టీ మనిషి కదా, నాలుగు మాటలు గట్టిగా అంటాడని. నన్ను పక్కకు తీసుకుపోయాడు. "చెల్లె, ఇప్పుడు గెలికితే ఊరు రెండయితది, లాభం వాళ్లకే. ఎలక్షన్లు దగ్గరున్నయి, జర ఓపిక పట్టు." ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు, అదే నా ఏడుపు. నోరు తెరిస్తే లాభం వాళ్లకే, మూసుకుంటే లాభం వాళ్లకే, మరి మనకు లాభమయ్యే పని ఏదో ఒక్కటి చెప్పన్నా అంటే ఫోన్ వచ్చిందని వెళ్లిపోయాడు. ఇంకో పార్టీ ఆయన ఉన్నాడు, సర్పంచికి నిలబడతాడట, ఆయన ఉపాయం ఇంకా బాగుంది, వాళ్లు ఊళ్లో పెట్టిన దేవుని విగ్రహానికి రెండింతలది పెట్టిస్తానని తిరుగుతున్నాడు. దొంగ కంటే పెద్ద గొంతుతో దొంగ పాటే పాడితే ఇల్లు నిలుస్తుందా? వినాయకుని ఊరేగింపు నాడు బాబామియా కొడుకు ముస్తకీమ్ కోళ్ల దుకాణం ముందు డీజే బండి ఆపి, కదలకుండా ఆడారు, షట్టరు మీద రాళ్లు పడ్డాయి. మా పార్టీవాళ్లు ఖండిస్తున్నామని కాగితం రాసి పేపరుకు పంపారు. పేపరులో ఎక్కడో మూలకు వచ్చింది, పరశురాం కత్తిరించి దాచుకున్నాడు. ముస్తకీమ్ దుకాణంలో కోడి కొనొద్దని పిల్లలు ఇంటింటికీ చెప్పి పోయారు, జనం మానేశారు. ఆ ఖండన కాగితాన్ని ఒక్కరైనా కూరలో వేసుకుని తిన్నారా, ఆ దుకాణంలో ఒక్క కోడైనా అమ్ముడుపోయిందా. మనం దినం దినం పోయి ముస్తకీమ్ దగ్గరే కొందాం అన్నాన్నేను. కొన్నాళ్లు నేనొక్కదాన్నే పోయాను, తర్వాత ఈయనకు రోగం ముదిరింది, నా కాలు అటు పడలేదు. ముస్తకీమ్ షట్టరు దించేశాడు.

ఇంకా రాలేదు పిట్ట. ఎండ నెత్తి మీదికొచ్చింది, పిల్లలు ఆకలని గొణుగుతున్నారు. ఎవరో అన్నారు, బిక్షమ్మా, నీకేమన్న ఎరుకనా, ఏమన్న అడిగిండా పొయ్యేటప్పుడు. అందరూ నా వైపు తిరిగారు. దివాకర్ కూడా తిరిగాడు, కళ్లతోనే వద్దు అన్నాడు, బెదిరింపు కాదు, బతిమాలినట్టు. రోడ్డవతల తుమ్మచెట్టు కింద బాబామియా నిలబడి ఉన్నాడు, తల మీద తువ్వాల వేసుకుని, ఎవరికీ అడ్డం కానంత దూరంలో. చిన్నప్పుడు ఇదే బాయిలో పరశురాం, బాబామియా కలిసి ఈత నేర్చుకున్నారట, స్నేహితుడి విస్తరి చూడ్డానికి ఇవాళ ఆయనకు రోడ్డవతల జాగా దొరికింది. చెప్పాలి. ఇదే సమయం. బాబామియా కొయ్యాలన్నాడు, మీరు కొయ్యనివ్వలేదు, అందుకే పిట్ట ముడతలేదు అంటాను, ఈ కాకిలెక్క వాళ్లదే కదా, వాళ్ల లెక్కలోనే వాళ్లకు చెబుతాను, బాబామియాను పిలిచి ఈ విస్తరి దగ్గర కూర్చోబెడతాను. ఏమో, నిజంగానే వాలుతుందేమో. నా కొంగుకు అంటుకున్న సగం నమ్మకం అప్పుడు ఎంత బలంగా లేచిందో నాకే సిగ్గేసింది. మోకాలి మీద చెయ్యి పెట్టి లేచాను. నోరు తెరిచాను.

కాకి వచ్చింది. కరెంటు తీగ మీది నుంచి సూటిగా దిగి, విస్తరి అంచున వాలి, బువ్వ వదిలేసి ముందు మాంసం ముక్కనే అందుకుంది. ఒకటి వస్తే ఆగుతాయా, వెనకే నాలుగు. ముట్టింది ముట్టింది అని ఊరంతా ఒక్కసారే అరిచింది, నా నోట్లో మాట ఆ అరుపులో ఎక్కడ పడిపోయిందో. దివాకర్ చేతులు జోడించి ఏడుస్తున్నాడు, నిజంగానే ఏడుస్తున్నాడు. "చూసిండ్రా, మా పెదనాయినకు గిదే ఇష్టం. మన పద్ధతిల కోసిందే ముట్టిండు." పక్కనున్న పిల్లలు ఫోన్లు ఎత్తారు. సాయంత్రానికల్లా ఇది ఊరూరా తిరుగుతుంది, కరుడుగట్టిన ఎర్రజెండా మనిషి చచ్చాక మారాడని, కాకే సాక్ష్యమని. కాకికి ఆకలైతే వస్తది, దానికి పార్టీ లేదు అనేవాడు ఆయన. ఆ మాట ఇప్పుడు నేనంటే ఎవరు వింటారు, మొగుడు పోయిన బాధలో మతి చలించిందంటారు. బతికినన్నాళ్లూ ఆయన నోరు మూయించలేకపోయారు, ఇప్పుడు ఆయనతో వాళ్ల మాటే పలికించారు. జంగయ్య వైపు చూశాను. హమ్మయ్య అన్నట్టు కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు. తుమ్మచెట్టు కింద ఎవరూ లేరు.

బంతులు వేస్తున్నారు, ముందు నువ్వు ముద్ద ముట్టాలె అని పిలుస్తున్నారు. నేను పొలం గట్టెక్కి నడిచాను. చెట్టు చాటుకు పోతోందనుకున్నారేమో, ఎవరూ ఆపలేదు. రమ వెనక రాబోయింది, ఆగమని చెయ్యి చూపించాను. పెనిమిటి పోయిన ఆడది పుట్టింట్లో నిద్ర చేసి వచ్చేదాకా ఇంకొకరి గడప తొక్కకూడదు, తొక్కితే ఆ ఇంటికి అరిష్టమంటారు. నడుస్తుంటే కాళ్ల కింద నేల వేడిగా ఉంది, చెప్పులు బాయి కాడే మరిచిపోయాను. ఎదురొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూసి పక్కకు తప్పుకున్నారు, ముఖం తిప్పుకున్నారు. తప్పుకోండమ్మా, తప్పుకోండి, ఇవాళ నేను అందరికీ అరిష్టమే.

బాబామియా వాకిట్లో కూర్చుని కత్తి కడుగుతున్నాడు. ఇవాళ కొయ్యని కత్తిని. లోపల లాడ్లీ బేగం రొట్టెలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది, పరశురాం పోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగనప్పుడు మొదట వచ్చింది ఆమె రొట్టెలే. నన్ను చూసి ఆయన గబగబా లేచాడు, నాకు ఎదురొచ్చాడనుకున్నాను, కాదు, గడపకు అడ్డంగా నిలబడ్డాడు. అన్నా, ఆకలైతుంది, బువ్వ పెట్టు అన్నాను. నిద్ర కాకముందు నువ్వు గడప తొక్కొద్దు చెల్లె అన్నాడు, కళ్లు నా మీద లేవు, వీధి చివర ఉన్నాయి. నీకెప్పటి నుంచి అన్నా ఈ పట్టింపులు అన్నాను, నవ్వు కూడా వచ్చింది. ఆయన నవ్వలేదు. గొంతు బాగా తగ్గించాడు.

"నువ్వు తిని పోతవు చెల్లె. నిన్ను ఏమనరు, నువ్వు ఆళ్ల పెద్దమ్మవు. రేపు నా గడప మీదికొస్తరు. ముస్తకీమ్ మొన్ననే మళ్ల దుకాణం తెరిసిండు."

దార్లో వస్తూ ఏమేమో అనుకున్నాను, ఊరంతా చూస్తుండగా ఈ ఇంట్లో కూర్చుని తింటాను, అదే నా జవాబు అనుకున్నాను. ఆ జవాబుకు వెల బాబామియా కట్టాలని నాకు తట్టనే లేదు. పరశురాంకు కూడా ఎప్పుడూ తట్టలేదు, దవాఖాన మంచం మీద ఆ కోరిక కోరినప్పుడు కూడా, రేపు బాబామియాకు ఏమవుతుందని ఆలోచించలేదు ఆ మహానుభావుడు. గడప లోపల నుంచి లాడ్లీ బేగం చూస్తోంది, చేతికి పిండి అంటుకుని ఉంది. వెనక్కి పోవచ్చు. పోతే బాయి కాడ ఆ కూర, ఆ బంతి, ఆ ఫోన్లు. ఊళ్లో నాకు పోవడానికి ఇంకో చోటు లేదు. గడప బయట, వీధికి ఆనుకుని బట్టలుతికే బండ ఉంది, ఎండకు కాలిపోతోంది. దాని మీద కూర్చున్నాను.

"రేపొస్తరా అన్నా?"

"వస్తరు."

"అయితే రేపు గూడ నేను ఈడనే కూసుంట. ఎల్లుండి గూడ. నా మీదికెంచే దాటుకొని రానీ."

ఆయన మళ్లీ వీధి చివరికే చూశాడు. నమ్మాడని నేను అనుకోను, ముస్తకీమ్ దుకాణానికి కొన్నాళ్లు పోయి మానేసినదాన్ని, నమ్మమని ఏ ముఖంతో అడుగుతాను. లాడ్లీ బేగం రొట్టె, దాని మీద కారం తెచ్చి, గడప దాటకుండానే చెయ్యి చాచి నా చేతిలో పెట్టింది. వేలు నా మణికట్టుకు తగిలింది, గాజుల గీత చూసి ఆమె పెదవి కదిలింది. బాయి వైపు నుంచి బైకుల చప్పుడు వస్తోంది, ఒకటి కాదు. తలుపేసుకో అన్నా అన్నాను. ఒక్క క్షణం నన్ను చూశాడు, వేసుకున్నాడు, లోపల గొళ్లెం పడింది. నేను వీధి వైపు తిరిగి కూర్చుని రొట్టె తుంచాను.